లోహవిషములకు విరుగుడు

వేసవి వచ్చినంతనే నూజివీడు పరిసరములందలి మామిడితోటలు జనసందడితో కళకళలాడును. కొమ్మకొమ్మకును చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి కాయలు వ్రేలాడుచుండును. కూలివారు పొడవైన గడకు చిక్కము కట్టి, కాయను అందులో పట్టి, తొడిమ త్రెంపి, మెల్లగా క్రిందికి దింపుదురు. నేలపై పడిన కాయ దెబ్బతిని కుళ్ళిపోవును. చిక్కములో పడిన కాయ మాత్రము క్షేమముగా బుట్టకు చేరును.

మానవదేహమున చేరిన విషలోహములను వెలుపలికి తెచ్చు మందులును ఇట్టి చిక్కముల వంటివే. వానికి కీలేటింగ్ మందులని పేరు. గ్రీకుభాషలో ఎండ్రకాయ డెక్కను తెలుపు పదము నుండి 1920లో రసాయనశాస్త్రజ్ఞులు ఈ పేరును కల్పించిరి.

ఇనుము, జింకు, కాల్షియము మన దేహమునకు అవసరములు. సీసము, పాదరసములతో మనకెట్టి ప్రయోజనమును లేదు. సీసము కాల్షియమువలె నటించి ఎముకలలో చేరి, ఏండ్ల తరబడి అచటనే దాగియుండును. అది రక్తోత్పత్తికి అడ్డు తగులును. పసిపిల్లల మెదడు ఎదుగుదలను చెరచును. ఆర్సెనిక్ అను విషము దేహములోని ప్రోటీనులందలి గంధకమును పట్టుకొని, వాని పనిని స్తంభింపజేయును.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున, ఆర్సెనిక్‌తో కూడిన లూయిసైట్ అను విషపదార్థమును శత్రువులు ప్రయోగింతురేమోయని బ్రిటన్ భయపడెను. ఆక్స్‌ఫర్డులో పీటర్స్, స్టాకెన్, థామ్సన్ అను శాస్త్రజ్ఞులు దానికి విరుగుడు కనుగొనిరి. ఆ మందులో రెండు గంధకపు కొనలు కలవు. అవి రెండు డెక్కలవలె ఆర్సెనిక్‌ను గట్టిగా పట్టుకొని ప్రోటీనుల నుండి విడదీయును. అట్లు పట్టుబడిన విషము మూత్రము మున్నగు మార్గములలో బయటికి పోవును. పిమ్మట సీసమును తొలగించుటకు కాల్షియముతో కూడిన ఇ.డి.టి.ఎ. అను మందు, నోటిద్వారా ఇచ్చు సక్సిమర్ అను మందు వాడుకలోనికి వచ్చినవి.

అయినను ఈ మందులు సర్వరోగ నివారిణులు కావు. మామిడికాయను కోయువాడు పక్వమైన కాయను, పిందెను వేరుగా గుర్తింపగలడు. మందునకు అంతటి వివేకము లేదు. అది అవసరమైన లోహములను కూడ పట్టుకొనిపోవచ్చును. 2003 మొదలు 2005 వరకు అమెరికాలో ఇట్టి చికిత్స పొందిన ముగ్గురు, రక్తములో కాల్షియము మిక్కిలి తగ్గిపోయి మరణించిరి. కావున వైద్యుడు ముందుగా రక్తమును పరీక్షించును. పిల్లల రక్తము 100 మిల్లీలీటర్లలో సీసము 45 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉన్నపుడు ఈ చికిత్స చేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సూచించెను.

వేరొక సత్యమును గమనింపదగినది. అమెరికాలో 780 మంది పసిపిల్లలపై జరిగిన పరిశోధన ఫలితములు 2001లో వెలువడినవి. సక్సిమర్ వలన వారి రక్తములో సీసము తగ్గెనే కాని, బుద్ధి పరీక్షలలో మెరుగు కనబడలేదు. విషమును తీసివేయవచ్చును, అది చేసిన కీడును అన్నివేళల తుడిచివేయజాలము.

2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున ఆరువందల మందికి పైగా మూర్ఛతోను, వాంతులతోను ఆసుపత్రి పాలైరి. వారిలో అధికులు త్వరలోనే కోలుకొనిరి. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ రక్తపరీక్షలలో సీసము, నికెలు కనబడినవి. పిమ్మట పురుగుమందుల అవశేషములే ప్రధాన కారణము కావచ్చునని నిపుణులు తలంచిరి. రక్తములో లోహము కనబడినంత మాత్రమున అదియే రోగకారణమని నిశ్చయింపరాదని దీనివలన తెలియుచున్నది.

2022 నుండి ఆ ఏలూరు పేరిటి జిల్లాలోనే నూజివీడును ఉన్నది. కాయలను త్వరగా పండించుటకు కొందరు వ్యాపారులు కాల్షియం కార్బైడును వాడుచుందురు. అందు ఆర్సెనిక్ మలినములు ఉండవచ్చును; అందుచేతనే దానిని పండ్లకు వాడరాదని చట్టము నిషేధించినది. మన పెద్దలు కాయలను వరిగడ్డిలో మాగవేసెడివారు. నేడు మితముగా ఇథిలీను వాయువును వాడుటకు అనుమతి కలదు.

పాత రంగుల పెచ్చులను పిల్లల కందనీయకుండుట, పగిలిన బ్యాటరీలను ఇంటికి దూరముగా నుంచుట, పండ్లను చక్కగా కడిగి తినుట ఎవరికైనను సాధ్యమే. విషమును దేహము నుండి తీయుట వైద్యుని పని. దానిని దేహములోనికి రానీయకుండుట మనందరి పని.