పెరటి తోటలో పూత, పిందె

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పసుపు పంటకు పేరు పొందిన పట్టణము. దీర్ఘకాలపు పసుపు రకములలో ఒకదానికి ‘ఆర్మూరు’ అనియే పేరు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది కూడ ఈ జిల్లాకేంద్రమగు నిజామాబాదులోనే. జూన్ మాసమున నాటిన పసుపు కొమ్ము ఎనిమిది, తొమ్మిది మాసములకు తవ్వకమునకు వచ్చును.

పసుపు మొక్క పూయును గాని సాధారణముగా విత్తు కట్టదు. దీనికి కారణము దాని కణములలోనే యున్నది. విత్తుకట్టు మొక్కలలో క్రోమోజోములు సామాన్యముగా జతలుగా ఉండును. పసుపులో అవి 63. బీజకణములు ఏర్పడునప్పుడు ఈ బేసి సంఖ్య సరిసమానముగా విడిపోజాలదు. అందువలన రైతు దుంపనే విత్తనముగా వాడును. దుంప ఊరుటకు తేనెటీగతో పనిలేదు.

అదే ఇంటి పెరటిలో దడిమీదికి ప్రాకిన సొర, గుమ్మడి, కాకర తీగల సంగతి వేరు. వీనిలో మగపూవు వేరు, ఆడపూవు వేరు. ఆడపూవు క్రింద చిన్న పిందె వంటి ఉబ్బు కనబడును, అది అండాశయము. మగపూవులోని పుప్పొడి ఆడపూవు కీలాగ్రమును చేరిననే ఆ పిందె కాయయగును. చేరనిచో పసుపుబారి రాలిపోవును. గుమ్మడి పుప్పొడి బరువైనది, జిగటైనది, గాలికి ఎగురదు. దానిని మోయుటకు కీటకము రావలెను.

తీగనిండ పూత ఉండి కాయ నిలువనప్పుడు చాలమంది పురుగు పట్టినదని తలచి మందు చల్లుదురు. మొదట కొన్ని దినములు మగపూలే వచ్చుట ఈ తీగలకు సహజము. దానికి తొందరపడ నక్కరలేదు. ఆడపూలు వచ్చిన పిమ్మట కూడ పిందెలు రాలుచున్నచో ఎండ తీవ్రత, నీటి ఎద్దడి, పుప్పొడి అందకపోవుట మున్నగు కారణములను విచారింపవలెను. పుప్పొడి అందనిచోట మందు చల్లినచో, వచ్చు నాలుగు తేనెటీగలు కూడ చచ్చును. రోగమునకు బదులు వైద్యుని తరిమినట్లగును.

పూలు వికసించు వేళలు

గుమ్మడి, కాకర పూలు తెల్లవారుజామున విచ్చును. తేనెటీగలు ఉదయముననే వానిని చేరును. సొర, బీర పూలు సాయంకాలమున విచ్చును. తెల్లని సొర పూలకు చీకటిపడిన పిదప రెక్కల పురుగులు వచ్చును. కావున సాయంకాలమున మందు చల్లినచో ప్రమాదము లేదనుట సగము మాత్రమే నిజము. తేనెటీగ తప్పించుకొనును గాని రాత్రి వచ్చు పురుగునకు అది తగులును. వికసించిన పూలపై ఏ వేళను ఏ మందును చల్లరాదు.

ఆకులు తిను పురుగులు మితిమీరినచో లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని ఒక రాత్రి నానవేసి, వడకట్టి, పూలకు తగులకుండ ఆకులపై మాత్రము చల్లవచ్చును. వేపలోని అజాడిరక్టిను పురుగుల ఆకలిని, ఎదుగుదలను చెరచును. ఎండకు అది త్వరగా విరిగిపోవును గనుక పొద్దువాలిన పిదప చల్లుట మేలు.

ఋతువుల వెంట

మృగశిర, ఆరుద్ర కార్తెలలో తొలివానలు పడగానే నేలమీద మఖమలు వంటి ఎర్రని ఆరుద్ర పురుగులు తిరుగును. ఎనిమిది కాళ్లుగల ఇవి సాలీళ్లకు చుట్టములు. ఎదిగిన ఆరుద్ర పురుగులు చిన్న కీటకములను, వాని గ్రుడ్లను తినును. వీనిని తొక్కక విడువవలెను. తీగలకు పాదులు చేయుటకు ఇదియే అదను. చెట్ల పలుచని నీడ పడుచోట నాలుగు పసుపు కొమ్ములు నాటవచ్చును.

చలికాలమున చిక్కుడు లేత కొనలకు పేనుబంక పట్టును. కొలది దినములకు అక్షింతల పురుగులు వచ్చి దానిని తినును. వాని పిల్లలు పెద్దవానివలె గుండ్రముగా ఉండవు. నల్లగా, పొడుగుగా ఉండును. తెలియనివారు వానినే చీడయని చంపుదురు. పేనుబంక లేనిచో అక్షింతల పురుగు రాదు. కనుక కొంత చీడను సహించుట అవసరము. కరివేప, నిమ్మ ఆకులపై పిట్టరెట్టవలె కనబడు పురుగు సీతాకోకచిలుక యొక్క బాల్యదశ. పెద్ద చెట్టునకు కొన్ని ఆకులు పోయిన నష్టము లేదు.

చలి తగ్గువేళ మునగ పూయును. దానికి నల్లని తుమ్మెదలు చేరును. ఇవి ఎండిన కొయ్యను తొలిచి గూడు చేయును. అనేక జాతుల ఒంటరి ఈగలు నేలలో బొరియ చేయును. కనుక పెరటిలో ఒక ఎండు దుంగను, త్రవ్వని కొంత నేలను విడిచి ఉంచవలెను.

వేసవిలో ఎండ 43, 44 డిగ్రీలు దాటు దినములుండును. రాలిన ఆకులను కాల్చక, పాదుల చుట్టు రెండంగుళముల మందమున పరచినచో నేల తడి నిలుచును; వానపాములు బ్రతుకును. లోతులేని మూకుడులో నీరు పోసి, ఒక రాయి ఉంచినచో పిట్టలు, తేనెటీగలు మునగకుండ త్రాగును. దోమలు పెరుగకుండ ఆ నీటిని ప్రతిదినము మార్చవలెను.

పాఠశాలలో ఒక పరీక్ష

గుమ్మడి తీగపై మరునాడు విచ్చబోవు ఆడమొగ్గలు మూడింటిని ఎన్నుకొని సాయంకాలమే గుర్తు పెట్టవలెను. మొదటి రెంటికి పలుచని గుడ్డసంచి కట్టి, మూడవదానిని అట్లే విడువవలెను. ఉదయమున ఒక సంచిని మాత్రము విప్పి, మగపూవు కేసరములను ఆ పూవు కీలాగ్రమునకు మెల్లగా తాకించి, మరల కట్టవలెను. వారము దినములకు మూడు పిందెలను పోల్చి చూడవలెను. ఏ పుప్పొడియు అందని పిందె రాలును. చేతితో అందించినది నిలిచి, విడిచిన పూవుది రాలినచో ఆ పెరటికి తేనెటీగలు చాలుట లేదని ఊహింపవచ్చును. ఒక్క తీగతో నిశ్చయము కలుగదు. విద్యార్థులందరు తమ యిండ్లలో చేసి లెక్కలను కలిపి చూచినచో తమ వాడలో తేనెటీగలు ఎక్కడ ఉన్నవో, ఎక్కడ లేవో తెలియును.