వాల్చొద్దు... తిప్పి బిగించండి!

హైదరాబాద్ ట్యాంక్‌బండ్. సూర్యుడు దిగిపోయాడు, ఆకాశం ఇంకా నల్లబడలేదు. హుస్సేన్‌సాగర్ చుట్టూ దీపాలు వెలిగాయి. ఆ ముదురు నీలిరంగు ఉండేది మహా అయితే ఇరవై నిమిషాలు. నీళ్లూ దీపాలూ మొత్తం రావాలంటే ఫొటో అడ్డంగా తీయాలి. 1992లో సాగర్ మధ్యన నిలబెట్టిన ఏకశిలా బుద్ధుడు నిండుగా రావాలంటే నిలువుగా తీయాలి. ఆ వెలుగులో షట్టర్ కొన్ని సెకన్లపాటు తెరిచి ఉంచాలి కాబట్టి ట్రైపాడ్ ఉండాల్సిందే. అడ్డం ఫొటో హాయిగా వచ్చేస్తుంది. తిప్పలన్నీ నిలువు దగ్గరే!

చాలా ట్రైపాడ్‌ల తలకి పక్కన ఓ గాడి ఉంటుంది. నిలువు ఫొటో కోసం కెమెరాని అందులోకి వాల్చేస్తారు. అప్పటిదాకా మూడు కాళ్ల నడుమ పడిన బరువు కాస్తా ఒక పక్కకి వేలాడుతుంది. బిందెని నెత్తిన పెట్టుకోవడానికీ, చాచిన చేతికి తగిలించుకోవడానికీ ఉన్నంత తేడా అన్నమాట. పైగా కెమెరాని పట్టి ఉంచేది అడుగునున్న పావంగుళం మర ఒక్కటే. పెద్ద లెన్స్ ఉంటే ఆ బరువుకి మర మెల్లగా వదులై కెమెరా ముక్కు కిందికి దిగుతుంది. ఎనిమిది సెకన్ల ఫొటోలో వెంట్రుకవాసి జారినా చాలు, దీపాలన్నీ గీతలైపోతాయి. ట్రైపాడ్ తేలికదైతే గాలికి మొత్తం పడిపోయినా ఆశ్చర్యంలేదు. అది నిలబడినా, కెమెరా చోటు మారింది కాబట్టి ఫ్రేము మళ్లీ మొదట్నుంచీ సరిచూసుకోవాలి. ఈలోగా ఆకాశం నల్లబడిపోతుంది.

దీనికి విరుగుడే ఎల్-బ్రాకెట్. ఇంగ్లిష్ ‘ఎల్’ అక్షరంలా వంగిన లోహపు పట్టీ. ఒక చేయి కెమెరా అడుగున, రెండోది ఎడమ పక్కన ఉంటుంది. రెండింటి అంచులూ ఏటవాలుగా చెక్కి ఉంటాయి కాబట్టి ట్రైపాడ్ మీది క్లాంపు దేన్నయినా పట్టుకుంటుంది. క్లాంపు వదులుచేసి, కెమెరాని పైకెత్తి, నిలువుగా తిప్పి, రెండో చేతిని కూర్చోబెట్టి బిగిస్తే సరి. ట్రైపాడ్ తల కదల్చక్కర్లేదు. లెన్స్ దాదాపు అదే చోట ఉంటుంది. బరువు మళ్లీ కాళ్ల నడుమే! నిలువు ఫొటోలు వరసగా తీసి ఒకే పనోరమాగా కలిపేవాళ్లకీ ఇదే సులువు.

పాతరోజుల్లో పెళ్లి ఫొటోగ్రాఫర్లు కెమెరా పక్కన పెద్ద ఫ్లాష్ బిగించుకున్న పట్టీదీ ఇంచుమించు ఇదే ఆకారం. అటక మీద అది దొరికింది కదాని తెచ్చేయకండి, దాని పని వేరు.

కొనేముందు మీ ట్రైపాడ్ క్లాంపు ‘ఆర్కా’ తరహాదో కాదో చూసుకోండి. కాకపోతే దాన్నీ మార్చాల్సి వస్తుంది. బ్రాకెట్ మీ కెమెరా మోడల్‌కే చేసిందయితే మంచిది. ఒంటికి అతుక్కున్నట్టు కూర్చుని మెలితిరగదు, బ్యాటరీ మూతకీ అడ్డురాదు. అన్ని కెమెరాలకీ సరిపోతుందని చవగ్గా అమ్మేవాటితో ఈ రెండు చిక్కులూ ఉంటాయి. పొడవాటి టెలీఫొటో లెన్స్‌కి రింగు ఉంటే ఇవేవీ అక్కర్లేదు, రింగు వదులుచేసి కెమెరాని తిప్పుకోవడమే.

బ్రాకెట్ లేకుండా వాల్చక తప్పలేదా? కెమెరా వాలే వైపు ట్రైపాడ్ కాలు ఒకటి ఉండేలా తిప్పుకోండి. బ్రాకెట్ ఉంటే మాత్రం దాంతోపాటు వచ్చిన అలెన్ కీ సంచిలో పడేసుకోండి. అది ఇంట్లో మర్చిపోయినరోజే మర వదులవుతుంది. ట్యాంక్‌బండ్ మీద మిరపకాయ బజ్జీలు దొరుకుతాయిగానీ అలెన్ కీలు దొరకవు!