మూడు రోజుల రోమ్.. పక్కనే ఓ సివిల్ ఇంజనీర్!

జర్మనీలో ఉంటున్నాం అని చెబితే చాలు, 'అయితే యూరప్ మొత్తం చుట్టేసుంటారే' అంటారు మనవాళ్ళు. నిజం చెప్పనా? మ్యూనిక్ వచ్చాక ఏడాదిన్నర పాటు నేను చూసిన యూరప్ అంటే ఆఫీసు, సూపర్ మార్కెట్, ఆ రెండింటి మధ్య తిరిగే ట్రామ్. అంతే. పెళ్ళయ్యాక మా ఆయన వచ్చినా పెద్దగా మారిందేమీ లేదు. పెళ్ళికి నాకు దొరికిన సెలవే పన్నెండు రోజులు. సత్యనారాయణ వ్రతం, చుట్టాల భోజనాలు పోగా హనీమూన్‌కి మిగిలింది ఒక పూట. ఆ పూట కూడా బట్టలు సర్దుకోవడానికే సరిపోయింది. అలా పది నెలలు గడిచాక, ఫిబ్రవరి మొదటి వారాంతంలో మేమిద్దరం కలిసి వెళ్ళిన మొట్టమొదటి ట్రిప్ రోమ్. మూడు రోజులు, రెండు రాత్రులు.

రోమ్ గురించి చెప్పేముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే అక్కడ జరిగింది మీకు అర్థం కాదు.

మా ఆయన సివిల్ ఇంజనీర్. ఊరు హన్మకొండ. మిషన్ భగీరథ పైప్‌లైన్ పనుల్లో రెండేళ్ళు, తర్వాత హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సైట్లలో ఐదేళ్ళు చేశాడు. నా కోసం అది వదిలేసి వచ్చాడు. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ళ భార్యకైనా భర్తకైనా ఇక్కడ ఉద్యోగం చేసుకునే హక్కు ఉంటుంది. హక్కు ఉండటం వేరు, ఉద్యోగం ఉండటం వేరు. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంగ్లీష్‌తో బండి నడుస్తుంది. సైట్ ఇంజనీర్‌కి నడవదు. మేస్త్రీతో, మునిసిపాలిటీ వాళ్ళతో అన్నీ జర్మన్‌లోనే. అందుకని పొద్దున భాష క్లాసు, మధ్యాహ్నం వంట, సాయంత్రం అప్లికేషన్లు.. ఇదీ ఆయన దినచర్య. వందమంది పనివాళ్ళకి పని పురమాయించిన మనిషి, బేకరీలో బ్రెడ్ అడగడానికి వాక్యాన్ని ముందే మనసులో రెండుసార్లు అనుకుని వెళ్ళేవాడు.

ఇంకో విషయం. ఆయన ఫోన్‌లో ఒక లిస్ట్ ఉండేది. నా అకౌంట్ నుంచి తన కోసం ఖర్చైన ప్రతి యూరో అందులో రాసుకునేవాడు. జర్మన్ క్లాస్ ఫీజు, చలికోటు, హెయిర్ కట్. 'ఎందుకిదంతా?' అంటే 'లెక్క ఉండాలె కదా' అనేవాడు నవ్వుతూ. దీని మీద మేమెప్పుడూ గొడవ పడలేదు. పడి ఉంటేనే బాగుండేదేమో!

ఫ్రీ సండే ప్లాన్

రోమ్‌ని ఎంచుకుంది కూడా లెక్క చూసుకునే. ఇటలీలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు, పురావస్తు కట్టడాలు ఉచితం. కొలోసియం కూడా అందులో ఉంది. మామూలు రోజుల్లో దాని టికెట్ మనిషికి 18 యూరోలు. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే ఇటలీకి వేరే వీసా అక్కర్లేదు. ఇంకేం.. నేను శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే చాలు.

ఫ్లైట్ గంటన్నర. ఎయిర్‌పోర్ట్ నుంచి టెర్మినీ స్టేషన్‌కి మధ్యలో ఆగని రైలుంది, 32 నిమిషాలు, 14 యూరోలు. బస్సుకి అందులో సగమే అవుతుంది గానీ టైమ్ ఎక్కువ. మేం బస్సే ఎక్కాం. ఎక్కగానే ఆయన లిస్ట్‌లో టికెట్ ధర ఎక్కింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా.

రూమ్ పియాజ్జా విట్టోరియో దగ్గర తీసుకున్నాం. స్టేషన్‌కి నడిచే దూరం. చుట్టూ బంగ్లాదేశీ షాపులు, మన పప్పులు, కరివేపాకు కూడా దొరుకుతాయి. ఒక సలహా.. రూమ్ బుక్ చేసేటప్పుడు కనిపించే ధరకి సిటీ ట్యాక్స్ అదనం. మనిషికి, రాత్రికి ఇంత అని హోటల్ దగ్గర విడిగా కట్టాలి.

కాఫీ దగ్గర కూడా ఒక తిరకాసుంది. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఎస్ప్రెసో ఒక యూరో మీద కొంత చిల్లర. అదే కప్పుని టూరిస్టులుండే చౌరస్తాలో కుర్చీలో కూర్చుని తాగితే రెట్టింపు పైమాటే. నిలబడి రెండు గుక్కల్లో తాగేసి పోవడమే అక్కడివాళ్ళ పద్ధతి. మన టీకొట్టు లాగే అన్నమాట.

నీళ్ళు మాత్రం కొనొద్దు. రోమ్ వీధుల్లో 'నాసోనీ' అనే ఇనుప కుళాయిలుంటాయి. నాసోనే అంటే పెద్ద ముక్కు. కుళాయి గొట్టం అలా వంగి ఉంటుంది కాబట్టి ఆ పేరు. 1874లో మొదలైన ఇవి ఇప్పుడు ఊరంతా కలిపి సుమారు 2,500. గొట్టం కింద వేలు అడ్డం పెడితే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, వంగి తాగొచ్చు. నేను ఫొటో తీస్తుంటే మా ఆయన ముఖం చిట్లించాడు. 'వాల్వ్ లేదు. ఇరవై నాలుగ్గంటలూ పోతనే ఉంటయా?' అన్నాడు. ఎండాకాలం భగీరథ ట్యాంకుల దగ్గర నీళ్ళ లెక్క రాసిన మనిషి కదా, కళ్ళముందు నీళ్ళు అలా పోతుంటే చూడలేకపోయాడు. బాటిల్ నింపుకుని కదిలాక కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

పై నుంచి వాన

శుక్రవారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. మేం పాంథియన్ ముందున్నాం. టికెట్ 5 యూరోలు. అదీ ఆదివారం ఫ్రీనే కాబట్టి అప్పుడు చూద్దామని ప్లాన్. గొడుగులు అమ్మే కుర్రాళ్ళు మా చుట్టూ తిరుగుతున్నారు. నేను గొడుగు బేరం చేస్తుంటే మా ఆయన ఉన్నట్టుండి, 'లోపల వాన పడుతుంటది ఇప్పుడు' అన్నాడు.

పాంథియన్ గుమ్మటం మధ్యలో ఎనిమిది, తొమ్మిది మీటర్ల వెడల్పున గుండ్రటి కన్నం ఉంది. అద్దం లేదు, మూత లేదు. వానొస్తే నేరుగా లోపలే పడుతుంది. అది ఆయనకి ఫస్టియర్ నుంచీ తెలుసట. ఆదివారం వాన పడుతుందో లేదో ఎవరికి తెలుసు? చూస్తుండగానే వెళ్ళి, హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న తన ఫారెక్స్ కార్డ్ తీసి రెండు టికెట్లు కొనేశాడు. పది యూరోలు. ఆ కార్డ్ ఆయన బయటికి తీయడం నేను చూడటం అదే మొదటిసారి.

లోపల ఏం చూశానో సరిగ్గా చెప్పడం కష్టం. మధ్యలో తాడు కట్టేశారు. దాని అవతల పాలరాతి నేల మీద వాన నిలువుగా పడుతోంది. చుట్టూ మేమందరం పొడిగా నిలబడి చూస్తున్నాం. నేల మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉండి అంచులకి వాలుగా ఉంటుంది, నీళ్ళు పోవడానికి చిన్నచిన్న రంధ్రాలు ఉన్నాయి. అవెక్కడున్నాయో ఆయనే చూపించాడు.

ఇక ఆ తర్వాత మా ఆయన ఆగలేదు. ఈ గుమ్మటం వెడల్పు 43.3 మీటర్లు, నేల నుంచి కన్నం దాకా ఎత్తు కూడా అంతే. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, సుమారు క్రీ.శ. 126 నాటికి పూర్తయింది. మొత్తం కాంక్రీట్. 'ఒక్క ఇనుప చువ్వ లేదు ఇందుల. స్టీల్ లేకుండ కట్టిన కాంక్రీట్ డోముల్లో ఇయ్యాల్టికి గూడ ప్రపంచంలో ఇదే పెద్దది' అన్నాడు. మరి పడిపోకుండా ఎలా ఉంది? కింద ఆరు మీటర్ల మందం ఉన్న గోడ, కన్నం దగ్గరికి వచ్చేసరికి 1.2 మీటర్లకి సన్నబడుతుంది. కాంక్రీట్‌లో కలిపిన రాయి కూడా కింద బరువైనది, పైకి వెళ్ళేకొద్దీ తేలికది. చిట్టచివర ప్యూమిస్ అనే అగ్నిపర్వత రాయి. నీళ్ళలో వేస్తే తేలేంత తేలిక.

'మా రామప్ప లెక్కనే' అన్నాడు.

నేను పుట్టింది కరీంనగర్. రామప్ప గుడి ఫొటోలు చూశానే గానీ ఎప్పుడూ వెళ్ళలేదు. 1213 నాటి కాకతీయుల గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది అన్నంత వరకే తెలుసు. అక్కడి శిఖరాన్ని నీళ్ళలో తేలే ఇటుకలతో కట్టారు. పైన బరువు తగ్గించాలన్నది అక్కడా ఇక్కడా ఒకే ఆలోచన. వీళ్ళకీ వాళ్ళకీ మధ్య వెయ్యేళ్ళకు పైగా తేడా. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదు. బరువు కిందికి లాగుతుందన్న సంగతి ఏ దేశంలో అయినా ఒకటే కదా!

ఇంకా చెప్పాడు. రోమన్లది మన సిమెంట్ కాదు, సున్నం, అగ్నిపర్వత బూడిద. ఆ కాంక్రీట్‌లో తెల్లటి సున్నపు గడ్డలు కనిపిస్తాయి. సరిగ్గా కలపక అలా మిగిలిపోయాయని చాలాకాలం అనుకున్నారు. పగులులోకి నీళ్ళు దిగితే ఆ సున్నమే కరిగి, మళ్ళీ గట్టిపడి పగులుని పూడుస్తుందని అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2023లో ప్రచురించారు. మా పక్కనున్న స్పెయిన్ జంట మధ్యలో ఇంగ్లీష్‌లో ఏదో అడిగితే వాళ్ళకీ పది నిమిషాలు చెప్పాడు. చేతులు పైకెత్తి, వేళ్ళతో వంపు గీసి మరీ. వాళ్ళు గైడ్ అనుకున్నారు.

బయటికొచ్చాక గుమ్మం మీది పెద్దక్షరాలు చూపించాడు. మార్కస్ అగ్రిప్ప కట్టించాడని ఉంటుంది. నిజానికి అగ్రిప్ప కట్టిన గుడి కాలిపోయింది. హేడ్రియన్ మళ్ళీ కట్టించి, పేరు మాత్రం పాతాయనదే ఉంచాడు. మన దగ్గర శిలాఫలకాల గొడవలు తెలిసినవాళ్ళకి ఇది వింతగానే ఉంటుంది!

ఆ అగ్రిప్పే క్రీ.పూ. 19లో రోమ్‌కి ఒక నీళ్ళ కాలువ తెచ్చాడు. దాదాపు 20 కిలోమీటర్లు, చాలావరకు భూమి లోపలే. పంపుల్లేవు, వాలు మీదే నీళ్ళు నడుస్తాయి. ఆ నీటి దారి చివరన ఉన్నదే మనం సినిమాల్లో చూసే ట్రెవీ ఫౌంటెన్. ఆ రాత్రి అక్కడికి వెళ్ళాం. జనం, తోపులాట. భుజం మీంచి నాణెం వేస్తే మళ్ళీ రోమ్ వస్తారని నమ్మకం. ఏటా పది లక్షల యూరోలకు పైగా పోగవుతుంది, అది ఒక సేవా సంస్థకి వెళ్తుంది. నేను వేశాను. ఆయన వేయలేదు, కాలువ వాలు ఎంతుంటుందో లెక్కేసుకుంటున్నాడు.

వంతెన మీద

శనివారం సెయింట్ పీటర్స్ బాసిలికా. లోపలికి ఉచితమే. గుమ్మటం పైకి ఎక్కాలంటే టికెట్, 551 మెట్లు. చివర్లో గోడ వంపుతో పాటు మనమూ పక్కకి వంగి నడవాలి. మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోండి. వాటికన్ మ్యూజియంలు వదిలేశాం. మూడు రోజుల్లో అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూసినట్టుండదని నా అభిప్రాయం. సాయంత్రం త్రస్తేవెరే పేటలో సుప్లీ తిన్నాం. టమాటా అన్నాన్ని ఉండ చేసి, మధ్యలో చీజ్ పెట్టి నూనెలో వేయిస్తారు. పచ్చిమిర్చి ఒక్కటి తగిలితే మనదే అనిపించేది.

తిరిగి వస్తూ టైబర్ నది మీద పోంటె సిస్తో వంతెన దగ్గర ఆగాం. అయిదు వందల ఏళ్ళు దాటిన రాతి వంతెన. నీళ్ళకేసి చూస్తూ అన్నాడు.

'మార్చి దాక చూసి వాపస్ పోదామనుకున్న.'

ఇద్దరం కాదు, తనొక్కడే అని అర్థం కావడానికి నాకో నిమిషం పట్టింది.

'టికెట్ చూశావా?' అన్నా.

'చూసిన.'

'ఎంతుంది?'

చెప్పాడు. చాలా ఎక్కువ అన్నా. అవును అన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. నాకు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, చీకట్లో ఆయన చూడలేదనుకుంటా. కాసేపటికి తనే అన్నాడు. బీ1 పరీక్షలో ఏదో ఒక విషయం మీద మాట్లాడాల్సి ఉంటుందట. క్లాసులో ప్రాక్టీస్‌కి ఇప్పటిదాకా 'నా కుటుంబం', 'నా హాబీలు' అని మాట్లాడి మాట్లాడి విసుగొచ్చిందట. ఈసారి కాంక్రీట్ గురించి మాట్లాడతానని టీచర్‌ని అడుగుతాడట. 'బీ2 అయ్యేదాక ఉంట. అప్పుడు చూద్దం' అన్నాడు. అంతకంటే ఎక్కువ మాటేమీ ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

ఆదివారం కొలోసియం. ఫ్రీ అంటే జనం ఎలా ఉంటారో మీకు చెప్పక్కర్లేదు, పొద్దున్నే వెళ్ళినా క్యూ మలుపు తిరిగిపోయింది. క్రీ.శ. 80లో ప్రారంభమైన స్టేడియం ఇది. కింద 80 ద్వారాలు. 76 ద్వారాలకి నంబర్లు చెక్కారు. కొన్నిటి మీద ఇప్పటికీ కనిపిస్తాయి. ఉప్పల్ స్టేడియంలో గేట్ నంబర్ చూసుకుని పరిగెత్తినట్టే అప్పుడూ పరిగెత్తి ఉంటారు. గోడల నిండా గుంటలుంటాయి, తుపాకీ గుళ్ళు తగిలినట్టు. రాళ్ళని పట్టి ఉంచడానికి పెట్టిన ఇనుప కొక్కేలని తర్వాతి కాలాల్లో జనం తవ్వుకుపోయారట. ఇనుముకి అంత గిరాకీ.

క్యూలో మ్యాప్ చూడటానికి ఆయన ఫోన్ తీసుకున్నా. ఆ లిస్ట్ తెరిచి ఉంది. చివరి ఎంట్రీ శుక్రవారం పొద్దుటి ఎయిర్‌పోర్ట్ బస్సు టికెట్. ఆ తర్వాత కాఫీలు, సుప్లీలు, గుమ్మటం మెట్లు.. ఏదీ లేదు. అందుకే ట్రిప్‌కి మొత్తం ఎంతైందని ఆఫీసులో అడిగితే సరిగ్గా చెప్పలేకపోయా. మీకూ అంతే.

క్యూలో ఉండగానే హన్మకొండ నుంచి అత్తమ్మ వీడియో కాల్. కెమెరా తిప్పి కొలోసియం చూపించాం. ఆవిడ కాసేపు చూసి, 'రామప్పకు పోయొద్దం అంటే ఎండలంటిరి. గీ కూలిన గోడలు చూసెతందుకు గంత దూరం పోయిండ్రా బిడ్డా?' అంది.

'వచ్చేసారి పోదాం అత్తమ్మా' అన్నా. 'మీ కొడుకే చూపిస్తా అన్నాడు.'

'వానికేం తెలుసు రామప్ప గురించి!' అంది.