గడ్డికోత యంత్రముల స్ప్రింగులు: అరిగినవానిని బాగుచేయు విధము

ఎండుగడ్డికై కోయదగిన కాలము మిక్కిలి స్వల్పము. పూత పట్టు దినములలో కోసి యెండబెట్టిన గడ్డి పశువులకు బలమిచ్చును. గింజ రాలి కాడ ముదిరిన పిదప కోసినది చాలవఱకు పీచే. ఆ కొలది దినములలో యంత్రము నిలిచిపోయినచో రైతునకు కలుగు నష్టము ఒక స్ప్రింగు వెలకంటె ఎన్నో రెట్లు హెచ్చు. అట్లు నిలిచిన యంత్రమును విప్పి చూచినచో, కత్తియు పళ్లచక్రములును చక్కగానే యుండి, స్ప్రింగు మాత్రము సాగిపోయియో కొక్కెము తెగియో యుండుట కలదు.

అమెరికా దేశమున కెచెమ్ అనువాడు 1847లో గడ్డికోత యంత్రమునకు పేటెంటు పొందెను. పశువులు లాగు యంత్రములలో రెండు చక్రములును, ఆ చక్రములచే తిరుగు పళ్లచక్రములును, ప్రక్కకు చాచిన ఇనుప కోతపట్టెయు, దానిలో ఇటునటు ఆడు కత్తియు నుండును. 5 లేక 6 అడుగుల పొడవుగల ఆ పట్టె బరువంతయు నేలపై ఈడ్వబడినచో ఏ జత పశువులును చిరకాలము లాగజాలవు. కావున చట్రమునకు ఒక పెద్ద చుట్టల స్ప్రింగును తగిలించి, పట్టె బరువులో అధికభాగమును చక్రములమీదికి మఱల్తురు. ఏతపు మ్రాను వెనుక కట్టిన రాయి బాన బరువును తేల్చునట్లే ఈ స్ప్రింగు పట్టెను తేల్చును. ట్రాక్టరునకు అమర్చు కోతపట్టెలలో పెక్కింటికిని ఇట్టి స్ప్రింగే యుండును.

స్ప్రింగు బలము తగ్గినపుడు పట్టె లోపలి కొనక్రింద నేలపై జారు ఇనుప పాదము మట్టిని గీరుచు పోవును. దాని అడుగు త్వరగా అరుగును. యంత్రము పట్టెవైపునకు గుంజును, పశువుల మెడలు ఒఱయును. అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి గలదు. చక్రముల మీద ఉండవలసిన బరువు నేలకు పోయినందున, తడినేలపై చక్రము తిరుగక జారి, కత్తి ఆగిపోవును. అప్పుడు రైతు కత్తికి పదను లేదని తలచి దానిని మరల మరల నూఱును. దోషము కత్తిది కాదు. ఇందుకు మాఱుగా స్ప్రింగును అతిగా బిగించినచో పట్టె గంతులు వేయుచు, ఒకచోట మొదలంట కోసి, మఱియొకచోట జానెడు మోడు విడిచిపెట్టును.

స్ప్రింగు జోలికి పోవుటకు ముందు పశువులను విప్పి తొలగింపవలయును. ట్రాక్టరైనచో ఇంజనును ఆపవలయును. కత్తిని పట్టెనుండి తీసివేసి, పిదప పట్టెను పైకెత్తి గొళ్లెము వేసి త్రాటితో కట్టవలయును. సాధారణముగా పట్టె క్రిందనున్నపుడు స్ప్రింగు మిక్కిలి బిగువుగను, పైకెత్తినపుడు వదులుగను ఉండును. బిగువుగానున్న స్ప్రింగు కొక్కెమును సుత్తితో కొట్టి ఊడదీయువాడు ముఖమునకో చేతికో దెబ్బ తగిలించుకొనును. బిగింపు బోల్టు మరను తుదివఱకు వదలిచి, స్ప్రింగు చేతితో కదలునపుడే దానిని తీయవలయును.

తీసిన స్ప్రింగును కిరసనాయిలుతో కడిగి పలకపై పరుండబెట్టి చూడవలయును. లాగుడు స్ప్రింగు చుట్లు బరువు లేనపుడు ఒకదానినొకటి అంటియుండునట్లు చుట్టబడినవైనచో, వానినడుమ సందు కనబడుట అది సాగిపోయినదనుటకు గుర్తు. 1678లో రాబర్టు హుక్ అను ఆంగ్లేయుడు ప్రకటించిన న్యాయము ప్రకారము, స్ప్రింగును రెట్టింపు బలముతో లాగినచో రెట్టింపు సాగును. ఐనను దీనికొక హద్దు గలదు. ఆ హద్దు దాటి లాగబడినది తిరిగి పూర్వపు పొడవునకు రాదు. బోల్టు మర అంతయు బిగించినను పట్టె తేలకున్నచో ఆ స్ప్రింగునకు కాలము చెల్లినదనుకొనవలయును.

త్రుప్పు వలని నష్టమును చాలమంది తక్కువగా ఎంచుదురు. స్ప్రింగు బిగువు తీగ మందమునకు నాలుగవ ఘాతమునుబట్టి మాఱును. అనగా తీగ మందములో పదవవంతు త్రుప్పు తినివేసినచో మిగులు బిగువు తొమ్మిది పదవవంతులు కాదు, సుమారు మూడింట రెండువంతులే. కన్నులకు కొంచెముగా కనబడు తరుగు పనిలో ఇంత పెద్ద కొఱతయగును.

సాగిన స్ప్రింగును కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి, చుట్లను దగ్గఱకు కొట్టి, నీట ముంచుట కొందఱు చేయు పని. ఇది ఎంతమాత్రము తగదు. స్ప్రింగు ఉక్కు తన గుణమును రెండు కాకలచే పొందినది. మొదట ఎఱ్ఱగా కాల్చి నూనెలో చల్లార్చుటచే గట్టిపడినది. పిదప మితమైన వేడిచే పెళుసుదనము పోగొట్టుకొన్నది. మరల ఎఱ్ఱగా కాల్చి గాలికి విడిచినచో మెత్తని తీగయగును. నీట ముంచి ఊరకున్నచో గాజువలె విఱుగును. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలలో కరగించిన ఉక్కును పూర్వము పారశీక వర్తకులు కొనిపోయెడివారు. ఆ ఉక్కుతో పనిచేసిన కమ్మరులకు కాక యొక్క విలువ తెలియును. ఐనను వేడిని అంతటను సమముగా నిలుపగల సాధనము లేనిచో ఎంతటి పనివాడైనను పెద్ద చుట్టల స్ప్రింగునకు మరల పదను పెట్టజాలడు.

కాని కొక్కెము మాత్రమే అరిగి లేక తెగి, చుట్లు చక్కగానున్నచో, అగ్ని లేకయే బాగుచేయవచ్చును. చుట్ట లోపలి వెడల్పునకు కొంచెము మించిన వెడల్పుగల మందమైన ఇనుపపట్టీని తీసికొని, దాని రెండంచులను ఆకురాయితో మరవలె గాట్లు పెట్టవలయును. ఒక అంచు గాట్లు రెండవ అంచు గాట్లకు సగము చుట్టు ఎడముగా పడవలయును. చుట్లను ఉలితో కొంచెము ఎడబాపి, పట్టీని మరత్రిప్పినట్లు మూడు చుట్లవఱకు లోనికి ఎక్కించి, వెలికి వచ్చిన కొనకు రంధ్రము చేసి బోల్టునకు తగిలింపవచ్చును. ఇరువది చుట్ల స్ప్రింగులో మూడు చుట్లు పట్టీకి పోయినచో, మిగిలిన పదునేడింటి బిగువు సుమారు ఆఱవవంతు పెరుగును. కావున తొలుత మునుపటికంటె వదులుగా అమర్చి, సమమైన నేలపై కొంత కోసి చూచి, పిదప కొంచెము కొంచెముగా బిగింపవలయును. కొక్కెమునకు వెల్డింగు చేయించుట వలన ప్రయోజనము లేదు. అతుకుచెంత పదను చెడి మరల అచ్చటనే తెగును. కొక్కెము అరుగుటకు దానిని పట్టియున్న బోల్టు కన్ను అరుగుటయే హేతువైనచో, ఆ కన్నును గూడ మార్పవలయును.

పశువులు లాగు యంత్రముల చక్రపు కుంభములలో పంటిచక్రమునకు తగులు చిన్న ఇనుప నాలుకలుండును. వానిని ఒత్తిపట్టునవి చిన్న స్ప్రింగులు. చక్రమును వెనుకకు త్రిప్పినపుడు ప్రతి నాలుకయు టిక్కుటిక్కుమనవలయును. శబ్దము లేనిచో స్ప్రింగు విఱిగినదని వెంటనే నిశ్చయింపరాదు; పాత నూనె దుమ్ముతో కలిసి జిగురై నాలుకను పట్టుకొనియుండవచ్చును. మొదట కిరసనాయిలుతో కడిగి చూడవలయును. నిజముగా విఱిగినది బల్లపరుపు స్ప్రింగైనచో, అదే మందముగల పాత ఱంపపు రేకునుండి కాల్చకయే ఆకురాయితో కోసి చేసికొనవచ్చును. రెండు చక్రముల స్ప్రింగులను ఒకేసారి మార్చుట మేలు.

క్రొత్త పెద్ద స్ప్రింగును తెప్పించునపుడు యంత్రము పేరు మాత్రము వ్రాసిన చాలదు. తీగ మందము, చుట్ట వెలుపలి వెడల్పు, చుట్ల సంఖ్య, కొక్కెముల నడుమ పొడవు కొలిచి వ్రాయవలయును. తీగ మందమును త్రుప్పు లేనిచోట కొలువవలయును. పదవవంతు మందము ఎక్కువైన తీగతో చేసిన స్ప్రింగు బిగువు సుమారు ఒకటిన్నర రెట్లగును. అది పట్టెను నేలకు దిగనీయదు.

కోత ముగిసిన పిదప పట్టెను పైకెత్తి కట్టి, బోల్టు మరను వదలిచి, చుట్లనడుమ చేరిన గడ్డిని ఊడ్చి, ఆముదమైనను గ్రీజైనను పూసి కప్పుక్రింద ఉంచవలయును. వదలిచిన మర చుట్లను ముందుగా లెక్కించి చట్రముపై సుద్దతో వ్రాసికొన్నచో, మఱుసటి ఏడు అంతే బిగింపవచ్చును.