పెళ్లిపందిరి మీద డ్రోన్ కదలకుండా ఎలా నిలబడుతుంది?

తలంబ్రాల వేళ పైన ఝుమ్మని మోత. పెళ్లికూతురు సహా అందరి తలలూ పైకే! గాలి వీస్తున్నా ఆ డ్రోన్ ఒకేచోట ఎలా ఉంది?

దాని నాలుగు రెక్కల్లో రెండు ఒకవైపు, రెండు ఎదురువైపు తిరుగుతాయి. అన్నీ ఒకేవైపు తిరిగితే డ్రోనే బొంగరమైపోతుంది. ఎక్కడున్నదీ జీపీఎస్ చెబుతుంది. ఎత్తును గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ చూసుకుంటుంది. కాస్త ఒరిగినా గైరోస్కోప్ పట్టేస్తుంది. వెంటనే మోటార్ల వేగం మారిపోతుంది.

మరి వీడియో వణకదేం? కెమెరాను మోసే గింబల్ వల్ల. డ్రోన్ ఒరిగిన కొద్దీ, గింబల్ చిట్టి మోటార్లు కెమెరాను ఎదురుదిశలో తిప్పుతాయి. అసలు గొప్పంతా దీనిదే!

మన దేశపు 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం, ఆంక్షలు లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకు ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. పక్కింటి డాబా మీదివాళ్లను తీయాలంటే మాత్రం వాళ్లనే అడగాలి.