పరవూరిలో నాట్యవిద్య – పిల్లల వసతి

ఇటీవల బాలల కార్యక్రమములో పాడించుటకు తన కుమార్తెను వెంటబెట్టుకొని జమ్మలమడుగు నుండి ఒక తల్లి మా స్టూడియోకు వచ్చినారు. పాట ముగిసినది. కాని ఆమె నన్నడిగిన ప్రశ్న పాటను గురించినది కాదు. "సార్, మా పాప పాట కంటే ఆట బాగా ఆడుతుంది. ఇక్కడి టీచరమ్మ తనకు వచ్చినదంతా చెప్పింది. ఇంక తిరుపతికో మద్రాసుకో పంపమంటాంది. చదువుకు నాకేం దిగులు లేదు. పాప యాడుండల్ల? ఎవరింట్లో తినల్ల?"

మైక్రోఫోనుకు నాట్యము కనబడదు. గజ్జెల సవ్వడి మాత్రమే వినబడును. కనుక మా కార్యక్రమములలో నాట్యమునకు చోటు తక్కువ. అయినను ఆ తల్లి ప్రశ్న ప్రొద్దుటూరులోను, పులివెందులలోను ఎన్నో ఇండ్లలో వినబడుచున్న ప్రశ్న. అందుచేత దానికి ఈ ప్రసంగములో వివరముగా సమాధానము చెప్ప యత్నింతును.

మొదట ఒక మాట. లెక్కలు నేర్చు పిల్లవానికి గది ఇరుకైనను లెక్క తప్పిపోదు. నాట్యము అట్టిది కాదు. అది దేహముతో నేర్చు విద్య. ఆ దేహము ఎంతసేపు నిద్రించినది, ఏమి తిన్నది, ఎట్టి నేలపై అడుగు వేసినది, సాయంకాలము ఎంత భయముతో లేక ఎంత నెమ్మదితో ఇల్లు చేరినది అను విషయములన్నియు మరునాటి అడుగులో కనబడును. కనుక వసతి విద్యకు వెలుపలి విషయము కాదు; విద్యలో ఒక భాగము. గురువును వెదకినంత శ్రద్ధతోనే గూటిని కూడ వెదకవలెను.

మన పెద్దలకు ఈ సంగతి తెలియనిది కాదు. పూర్వము పరవూరికి చదువునకు పోయిన పిల్లవాడు వారములు చేసికొని చదువుకొనెడివాడు. సోమవారము ఒక ఇంట, మంగళవారము మరియొక ఇంట భోజనము. పండుకొనుటకు ఏ దేవాలయపు మండపమో, గురువుగారి ఇంటి అరుగో. కూచిపూడిలో గురువు ఇల్లే పాఠశాల. వేకువను లేచి సాధన, ఆపై ఇంటి పనులు, సాయంకాలము మరల సాధన. అయితే ఆ పద్ధతి చిరకాలము మగపిల్లల కొరకే నడచినది. స్త్రీ పాత్రలను సైతము పురుషులే ధరించిన కాలమది. ఆడపిల్లలు ఈ విద్యలో అడుగుపెట్టిన పిమ్మటనే "పిల్ల ఎక్కడ ఉండవలె" అను ప్రశ్న గట్టిగా తలయెత్తినది.

మన జిల్లాలోనే మరియొక మార్గమునకు ఉదాహరణము కలదు. పులివెందుల నియోజకవర్గములో చేరిన చక్రాయపేట మండలమున సురభి అను గ్రామమున్నది. 1885లో అక్కడ ఆడిన "కీచకవధ"తో సురభి నాటక సమాజము పుట్టినది. వనారస కుటుంబమువారు నడిపిన ఆ సమాజములో ఆటకొక చోటు, ఇంటికొక చోటు అను భేదము లేదు. తల్లిదండ్రులు, పిల్లలు, తాతలు అందరు కలసి ఊరూరు తిరిగిరి. పిల్లలు నడక నేర్చుచునే రంగస్థలము నెక్కిరి. ఇంటిని విడువకయే కళ నేర్చుట యనగా అది. కాని ఆ భాగ్యము కళాకారుల ఇంట పుట్టినవారికే లభించును. బట్టల వర్తకుని కుమార్తె, బడిపంతులు కుమారుడు నాట్యము నేర్వగోరినచో, ఎన్నడో ఒకనాడు ఇల్లు విడువక తప్పదు.

అట్లు ఊరు విడిచిన వారిలో ప్రసిద్ధులు కలరు. 1929లో కూచిపూడిలో జన్మించిన వెంపటి చినసత్యముగారు యౌవనారంభములోనే మద్రాసు చేరినారు. అప్పటికే చలనచిత్ర రంగములో నృత్యదర్శకులుగా ఉన్న బంధువు వెంపటి పెదసత్యముగారి అండ అక్కడ ఆయనకు లభించినది. 1963లో ఆయన మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన పిమ్మట తెలుగు జిల్లాల పిల్లలు ఆ నీడను వెదకికొని వచ్చినారు. 1956లో అనకాపల్లిలో పుట్టిన శోభానాయుడుగారు అట్లు మద్రాసులో ఆయన వద్ద నేర్చినవారే. తరువాత ఆమె హైదరాబాదులో గురుపీఠము నెలకొల్పి, 2020లో మరణించు వరకు ఎందరికో విద్య గరపినారు. పరవూరిలో నీడ దొరికిన శిష్యురాలు తాను కూడ పదిమందికి నీడ కాగలదనుటకు ఇది నిదర్శనము.

ఇక మన పిల్లల మాట. ఎప్పుడు పంపవలె నన్నది తొలి ప్రశ్న. నా అభిప్రాయములో పదవ తరగతి ముగియు వరకు పిల్లను ఇంటనుంచుటయే మేలు. ఆ వయస్సులో అడుగులు, జతులు, తాళము, హస్తములు గట్టిపడిన చాలును. అవి ప్రొద్దుటూరులోనో కడపలోనో మంచి గురువు వద్ద గట్టిపడగలవు. కేంద్ర ప్రభుత్వపు సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రము 10 నుండి 14 ఏండ్ల పిల్లలకు ప్రతిభాన్వేషణ పథకము క్రింద ఉపకారవేతనము లిచ్చుచున్నది. ఇంట ఉండియే గురువు వద్ద నేర్చుకొను పిల్లలకు అది అక్కరకు వచ్చును. సెలవులలో మాత్రము పెద్ద గురువు వద్దకు తల్లియో తండ్రియో తోడుగా వెళ్లి నెల దినములు నేర్పించి తీసికొని రావచ్చును. ఎర్రగుంట్ల–నంద్యాల మార్గములో 2016లో రైళ్లు నడచుట మొదలైన పిమ్మట ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు రైలు వసతి కలిగినది. పులివెందులవారు ముద్దనూరుకో కడపకో బస్సులో వచ్చి రైలెక్కవలెను.

పదవ తరగతికి ముందే చెన్నైకి పంపదలచినవారు బడి సంగతి కూడ ఆలోచింపవలెను. 2006 నాటి చట్టమును అనుసరించి తమిళనాడు పాఠశాలలలో తమిళము విధిగా నేర్వవలసిన భాష అయినది. తెలుగులో చదివిన పిల్లకు ఇది క్రొత్త బరువు. బడిలో చేర్చిన పిదప కాక, చేర్చుటకు ముందే ఈ సంగతి అడిగి తెలిసికొనవలెను.

ఎక్కడికి పంపవలె నన్నది రెండవ ప్రశ్న. మనకు చేరువలోనిది తిరుపతి. అక్కడ తిరుమల తిరుపతి దేవస్థానమువారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల 1959 నుండి నడచుచున్నది. కూచిపూడి గ్రామములో సిద్ధేంద్రయోగి పేరిట నృత్యవిద్యాలయము కలదు. చెన్నైలో రుక్మిణీదేవి అరండేల్ 1936లో స్థాపించిన కళాక్షేత్రము 1962లో తిరువాన్మియూరునకు తరలి, అక్కడి విశాలమైన తోటలో వసతిగృహములతో సహా నడచుచున్నది. పట్టపరీక్ష ముగించినవారికి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములో 1988లో నెలకొన్న సరోజినీనాయుడు కళావిభాగము కలదు. ఏ సంస్థకు దరఖాస్తు పెట్టినను, సీటును గురించి అడుగునప్పుడే వసతిని గురించియు అడుగవలెను. సీటు దొరికిన పిమ్మట గదికై పరుగులు తీయువారికి మంచి గది దొరకుట అరుదు.

వసతులు ముఖ్యముగా అయిదు విధములు.

మొదటిది గురువుగారి ఇల్లు. విద్య దృష్టితో చూచిన దీనికి సాటి లేదు. వేళగాని వేళ దొరలిన ఒక సూక్ష్మమును కూడ శిష్యుడు అందుకొనగలడు. కాని గురుసేవ పేరిట పిల్ల నిద్రకు, చదువునకు లోటు రాకూడదు. ఏ పనులు చేయవలెనో, నెలకు ఎంత చెల్లింపవలెనో, ఆ ఇంట పెద్ద స్త్రీలు ఎవరుందురో మొగమాటము లేక ముందే మాటలాడుకొనుట ఇరువురికి గౌరవము.

రెండవది సంస్థవారి వసతిగృహము. తోడి విద్యార్థులుందురు, సాధన చేయుటకు తగిన నేల ఉండును, దారి ప్రయాణము తప్పును. పదునేడు, పదునెనిమిది ఏండ్లు నిండిన పిల్లలకు నేను ముందుగా చెప్పునది ఇదియే.

మూడవది బంధువుల ఇల్లు. పిన్నమ్మ ఇల్లో మేనమామ ఇల్లో ఉన్నదనగానే మనకు ధైర్యము కలుగును. ఖర్చు కూడ తక్కువ. కాని ఆ ఇంటివారి భోజనవేళ, పిల్ల సాధనవేళ కలసిరావలెను. ఒక నెల అతిథిగా నున్న పిల్ల మూడేండ్లు అతిథిగా నుండలేదు. కనుక బియ్యమో, డబ్బో, ఏదో ఒక రూపమున మన వంతు ముట్టజెప్పుట మంచిది. అప్పుడు పిల్ల తలయెత్తుకొని అన్నమడుగగలదు.

నాలుగవది ప్రైవేటు హాస్టలు. వీనిలో మంచివి ఉన్నవి, కానివీ ఉన్నవి. కళాశాల పిల్లలకై నడుపు హాస్టళ్లలో ఉదయపు టిఫిను ఎనిమిది గంటలకు పెట్టుదురు. నాట్యము నేర్చు పిల్ల ఆరు గంటలకే సాధనకు పోవలెను. రాత్రి తొమ్మిదింటికి గేటు వేయుదురు. ప్రదర్శన ముగియుసరికి పదియగును. ఈ రెండు వేళలు ముందే మాటలాడుకొననిచో పిల్ల పస్తులుండుటయో, గేటు ముందు నిలుచుటయో జరుగును.

అయిదవది అద్దె ఇల్లు, అందు ఒక పెద్ద దిక్కు. మన సీమలో చాల కుటుంబములు అవ్వనో అమ్మనో పిల్లతో పంపి చిన్న వాటా తీసికొనుచున్నవి. ఖర్చు ఎక్కువ, ఇల్లు రెండుగా చీలును. అయినను చిన్నపిల్లల విషయములో దీనికంటె నిశ్చింత లేదు. ఒకే ఊరి నుండి ఇద్దరు ముగ్గురు పిల్లలు వెళ్లినచో ఒకే ఇల్లు తీసికొని, తల్లులు నెలకొకరు చొప్పున వంతులు వేసికొనవచ్చును. ఖర్చు మూడు పాళ్లగును. ఏ ఇల్లును చీలదు.

ఇల్లు చూచునప్పుడు నాట్యమునకు ప్రత్యేకముగా చూడవలసినవి కొన్ని కలవు. మన జిల్లా ఇండ్లలో పరచు కడప బండ వేసవిలో చల్లగా నుండును గాని, అడుగు పడినప్పుడు ఏమాత్రము ఒదగదు. ఆ దెబ్బ మోకాలికి, కాలి ఎముకకు తిరిగి వచ్చును. సిమెంటు నేలయు అంతే. గట్టిగా తట్టి చేయు సాధన నాట్యశాలలోని కొయ్య నేలపైననే జరుగవలెను. గదిలో చేయునది చేతులతో, చూపుతో, తాళముతో చేయు మననము మాత్రమే. మిద్దెమీది గది తీసికొన్నవారికి మరియొక చిక్కు: క్రింది వాటాలో నున్న ఇంటి యజమాని మొదటి వారమున "మహాలక్ష్మి వలె ఉన్నది" అనును, రెండవ వారమున "ఆ చప్పుడేమి?" అని అడుగును. అడ్వాన్సు ఇచ్చుటకు ముందే పిల్ల ఏమి నేర్చుచున్నదో చెప్పుట మేలు.

ఆహార విషయములో మన సీమవారు సిగ్గుపడ నక్కరలేదు. రాగిసంగటి, పప్పు, ఆకుకూర, వేరుసెనగలు, పాలు లేక గుడ్డు నాట్యము చేయు దేహమునకు చక్కని తిండి. కడుపునిండ తిన్న వెంటనే అరమండిలో కూర్చుండరాదు. సుమారు రెండు గంటల వ్యవధి కావలెను. 13 నుండి 18 ఏండ్ల పిల్లలకు రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెప్పుచున్నారు. ఒడలు సన్నబడవలెనని తిండి మానుట ఈ వయస్సులో ప్రమాదము. పిల్ల అన్నము తగ్గించినదని తల్లికి తెలియజెప్పువారు ఆ ఇంట ఒకరుండవలెను.

ఇక క్షేమము. ఎంతటి పేరుగల సంస్థ అయినను, గౌరవము వేరు, జాగ్రత్త వేరు. హాస్టలు బాధ్యురాలు రాత్రి అక్కడనే ఉండునా? సంస్థలో ఫిర్యాదులు వినుటకు చట్టప్రకారము ఏర్పడిన సంఘమున్నదా? పిల్ల కోరినప్పుడెల్ల ఇంటికి ఫోను చేసికొననిత్తురా? తమిళనాడులో స్త్రీలకు, బాలలకు వసతిగృహములు నడుపువారు 2014 నాటి చట్టము ప్రకారము నమోదు చేసికొని లైసెన్సు పొందవలెను. దానిని చూపుమని అడుగుట తల్లిదండ్రుల హక్కు. పిల్లలను లైంగిక వేధింపుల నుండి కాపాడుటకు 2012లో ప్రత్యేక చట్టము వచ్చినది. ఆపదలో నున్న బాలలు 1098 అను నంబరునకు ఫోను చేయవచ్చును. ఈ నంబరు పిల్లకు కంఠస్థము చేయింపుడు. అన్నిటికంటె ముఖ్యముగా "నీకు నచ్చనిచో ఎప్పుడైనను తిరిగి రావచ్చును, ఎవరును నిన్ను ఏమనరు" అని చెప్పి పంపుడు. ఖర్చు పెట్టినామను మాట పిల్ల నోటికి తాళము కాకూడదు.

ఖర్చు మాట వచ్చినది గనుక ఇంకొక మాట. అద్దె, భోజనము, గురుదక్షిణ, ప్రయాణములు నెలనెల కనబడును. ఆహార్యము, వాద్యబృందము, అరంగేట్రము ఒక్కసారిగా వచ్చి పడును. వానికై మొదటి నుండియే కొంత వేరుగా దాచవలెను. 18 నుండి 25 ఏండ్ల యువకళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ రెండేండ్ల పాటు నెలకు 5,000 రూపాయల ఉపకారవేతనమిచ్చు పథకము కలదు. ఎంపిక పరీక్షతో కూడినది గనుక దానినే నమ్ముకొనరాదు. కాని ప్రయత్నింపక విడువరాదు.

ప్రొద్దుటూరులో అగస్త్యేశ్వరుని గుడి కలదు. ఆ గుడిలో ప్రదక్షిణములు చేయుచు పుట్టపర్తి నారాయణాచార్యులవారు "శివతాండవము" రచించినారని చెప్పుదురు. ఆయన బాల్యములో పెనుగొండలో భరతనాట్యము అభ్యసించినవారు. చిన్ననాడు కాళ్లకు పట్టిన లయ పెద్దనాడు కలమునకు ఎక్కినది. నేర్చిన నాట్యము ఏ రూపమున ఫలించునో ముందుగా ఎవరు చెప్పగలరు? కనుక పిల్లను పంపుటకు వెనుదీయవద్దు. పంపు తీరులో తొందరపడవద్దు.

జమ్మలమడుగు తల్లికి ఆనాడు నేను చెప్పినది ఇంతే. "ఏ ఇల్లు చూచినను ఒక్క ప్రశ్న వేయుడమ్మా: సాయంకాలము సాధన ముగించి అలసి వచ్చు పిల్లకు తలుపు తీయువారెవరు? దానికి సమాధానముగా ఒక మనిషి పేరు చెప్పగలిగిన ఇల్లే మీ పాపకు తగిన ఇల్లు."