ఒకే పిక్క... మూడు గోడులు

ఏటా వేసవి వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లా పలాసలో ఒకే సరుకు మీద రెండు వాదనలు నడుస్తాయి. విదేశీ జీడిపిక్కలను ఆపాలని ఉద్దానం రైతు అంటాడు. అవి రాకపోతే ఏడాది పొడవునా పని ఉండదని జీడి పరిశ్రమ అంటుంది. ఇద్దరూ ఇక్కడివాళ్లే. ఇద్దరి మాటా నిజమే. ప్రపంచంతో వర్తకం చేస్తూనే మన పంటను, మన పరిశ్రమను కాపాడుకోవడం ఎలా అన్నది ఢిల్లీలోనూ జెనీవాలోనూ పెద్దలు చర్చించే ప్రశ్న. పలాసలో అది బస్తా ధర రూపంలో ప్రతి ఇంటికీ వస్తుంది.

పరదేశంతో బేరం ఈ నేలకు కొత్త కాదు. తూర్పు గాంగులు కళింగనగరంగా ఏలిన శ్రీముఖలింగం వంశధార ఒడ్డున ఉంది. అదే నది దిగువకు సాగి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఎగువన రాజధాని, దిగువన రేవు. ఓడ వెళ్లే దారీ ఓడ వచ్చే దారీ తెలిసిన నేల ఇది. ఆ మాటకొస్తే జీడిమామిడి చెట్టే మనది కాదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి తెచ్చిన మొక్క అది. ఈ ఇసుక నేలల్లో వేళ్లూని మనదైపోయింది. కాబట్టి 'విదేశీ సరుకు వద్దు' అని ఒక్క మాటలో తేల్చేస్తే ఈ తగవు తీరదు.

తోట దగ్గర లెక్క

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో జీడి, కొబ్బరి, పనస తోటలు కలగలిసి ఉంటాయి. ఈ పట్టీనే ఉద్దానం అంటారు. ఇక్కడ జీడిపిక్కల బేరం కిలోల్లో సాగదు. ఎనభై కిలోల బస్తా లెక్కన సాగుతుంది. బస్తాకు 16 వేల రూపాయలు ఇవ్వాలని రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. వరికి ఉన్నట్టు జీడికి కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధర లేదు. పంట చేతికొచ్చే మార్చి నుంచి మే వరకు వ్యాపారి చెప్పిందే ధర. విదేశీ పిక్కల ఓడ రేవుకు చేరిందన్న కబురు వస్తే చాలు, ఇక్కడి బస్తా ధర దిగుతుంది.

దీనికి తుపాను దెబ్బ తోడైంది. 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరాన్నే తాకింది. తరాలుగా పెంచుకున్న జీడి, కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో నేలకూలాయి. వరి పోతే మరుసటి ఏడాది నాట్లు వేసుకోవచ్చు. జీడిచెట్టు పోతే మళ్లీ చెప్పుకోదగ్గ కాపు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో పిల్లల చదువు, ఇంటి ఖర్చు ఆగవు. కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే ఉద్దానంలో మందుల ఖర్చూ ఆగదు. అలాంటి రైతును ప్రపంచ మార్కెట్‌తో నువ్వే పోటీపడి గెలువు అని వదిలేయడం న్యాయం కాదు.

బట్టీ దగ్గర లెక్క

ఇప్పుడు పలాస–కాశీబుగ్గ జంట పట్టణంలోకి వద్దాం. వందల సంఖ్యలో జీడి ఫ్యాక్టరీలు ఉన్న ఊరు ఇది. పిక్కను ఆవిరికి ఉడికించి, పెంకు కోసి, లోపలి పప్పును వేడికి ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడు చేస్తారు. డబ్ల్యూ 320 అంటే ఒక పౌండు బరువుకు మూడు వందల ఇరవై వరకు తూగే గుండు పప్పు. పలుకు విరిగితే బద్ద, ఇంకా విరిగితే ముక్క. విరిగేకొద్దీ ధర పడిపోతుంది. అందుకే ఈ పరిశ్రమ ప్రాణం యంత్రంలో కన్నా ఆడవాళ్ల వేళ్లలో ఎక్కువ ఉంది. పెంకులోని జీడి నూనె తగిలితే చర్మం పొక్కిపోతుంది. ఆ చేతులతోనే కిలో లెక్కన కూలి తెచ్చుకుని ఇల్లు గడుపుతారు.

స్థానిక పంటతో ఈ ఫ్యాక్టరీలన్నీ ఏడాదంతా నడవవు. దేశం మొత్తం మీదా ఇదే పరిస్థితి. మన ఫ్యాక్టరీలకు కావలసిన పిక్కల్లో పెద్ద భాగం ఐవరీ కోస్ట్, ఘనా, టాంజానియా వంటి ఆఫ్రికా దేశాల నుంచే వస్తుంది. అవి ఆగిపోతే ముందుగా పని పోయేది పొట్టు తీసే మహిళకు. మరోవైపు యంత్రాలతో దూసుకొచ్చిన వియత్నాం ఇరవై ఏళ్ల కిందటే జీడిపప్పు ఎగుమతిలో మనల్ని దాటేసింది. పిక్క మీద పన్ను ఎక్కువైతే ఆ పోటీలో మన ఫ్యాక్టరీ ఇంకా వెనకబడుతుంది.

కేంద్రం సుంకాలు ఈ రెండు ఒత్తిళ్ల మధ్య ఊగుతూ వచ్చాయి. 2016 బడ్జెట్‌లో పిక్కల దిగుమతిపై 5 శాతం సుంకం వేశారు. పరిశ్రమ మొరపెట్టుకుంటే 2018లో దాన్ని 2.5 శాతానికి తగ్గించారు. 2019లో మాత్రం పప్పు విషయంలో గట్టి నిర్ణయాలు జరిగాయి. గుండు పప్పు కిలో 720 రూపాయల కన్నా, ముక్క పప్పు 680 రూపాయల కన్నా తక్కువ ధరకు దిగుమతి కాకుండా కనీస ధర పెట్టారు. పప్పుపై సుంకాన్ని 45 నుంచి 70 శాతానికి పెంచారు. పచ్చి సరుకుకు దారి ఇచ్చి, తయారైన సరుకుకు అడ్డుకట్ట వేశారన్నమాట. ఫ్యాక్టరీకీ కూలీకీ ఇది మేలే. ఈ లెక్కలో చోటు దొరకనిది తోట ఉన్న రైతుకే.

సముద్రం అవతలి గోడు

మూడో గోడు ఇక్కడ వినిపించేది కాదు, కానీ వినాల్సినది. 1970ల మొదట్లో జీడి పంటలో ప్రపంచంలో ముందున్న దేశం మొజాంబిక్. తొంభైల్లో ప్రపంచ బ్యాంకు షరతుల మేరకు ఆ దేశం పిక్కల ఎగుమతిపై ఉన్న పన్నును తగ్గించింది. రైతుకు మంచి ధర వస్తుందన్నది వాదన. జరిగింది వేరు. పిక్కలు ఓడలెక్కి మన దేశానికి వచ్చాయి. అక్కడి ఫ్యాక్టరీలు మూతపడి వేలాది మంది కార్మికులు రోడ్డున పడ్డారు. రైతుకు దక్కింది కొద్దిపాటి పైకమే. కొన్నేళ్లకే ఆ దేశ పార్లమెంటు పన్నును మళ్లీ పెంచింది.

ఆ పాఠం ఇప్పుడు ఆఫ్రికా అంతటా పాకింది. పిక్కలు అమ్మి పప్పు కొనుక్కునే బతుకు తమకెందుకని వాళ్లు అడుగుతున్నారు. 2024 ఏప్రిల్ నుంచి పచ్చి పిక్కల ఎగుమతిని నిషేధిస్తున్నట్టు బెనిన్ ప్రకటించింది. ఐవరీ కోస్ట్ సొంత ఫ్యాక్టరీలను ప్రోత్సహిస్తోంది. వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు. మన పప్పుకు మనం అడ్డుకట్ట వేసుకున్నట్టే వాళ్ల పిక్కకు వాళ్లు వేసుకుంటున్నారు. అయితే పలాస పరిశ్రమ పెద్దలు దీని అర్థం గ్రహించాలి. చవక పిక్క ఎప్పటికీ ఓడలో వస్తూనే ఉంటుందన్న ధీమా చెల్లదు. రేపు ఫ్యాక్టరీని నిలబెట్టేది పక్కనున్న ఉద్దానం తోటే. ఇవాళ ధర లేక రైతు ఆ తోట నరికేస్తే రేపు బాయిలర్ కూడా చల్లారుతుంది. పైకి తగవులా కనిపిస్తున్నా రైతు మేలూ ఫ్యాక్టరీ మేలూ చివరికి ఒకటే.

గోగునార చెప్పిన పాఠం

సుంకం ఒక్కటే చాలు అనుకునేవారు గోగునార సంగతి గుర్తుచేసుకోవాలి. విజయనగరం, శ్రీకాకుళం మెట్ట పొలాల్లో ఒకప్పుడు గోగు విరివిగా పండేది. భీమునిపట్నం రేవు పేరు మీద వర్తకులు దాన్ని 'బిమ్లి' నార అనేవారు. నెల్లిమర్ల, చిట్టివలస జనపనార మిల్లులు ఆ నార మీదే నడిచాయి. దేశీ జనపనారకు రక్షణ లేదనడానికి వీల్లేదు. ధాన్యం, పంచదారలను గోనెసంచుల్లో నింపాలన్న చట్టం 1987లోనే వచ్చింది. బంగ్లాదేశ్, నేపాల్ సరుకుపై 2017 జనవరిలో యాంటీ డంపింగ్ సుంకం వేసి, 2022లో దాన్ని కొనసాగించారు. 2025 జూన్‌లో బంగ్లాదేశ్ జనపనారకు భూమార్గాలను మూసేశారు.

మరి గోగు తిరిగి వచ్చిందా? రాలేదు. చిట్టివలస మిల్లు 2009లోనే మూతపడింది. సుంకం సరిహద్దు దగ్గర పనిచేస్తుంది, పొలంలో కాదు. నార ఊరబెట్టడానికి చెరువులో నీళ్లు కావాలి. మోకాలి లోతు నీళ్లలో నిలబడి నార తీసే కూలీలు కావాలి. మెరుగైన విత్తనం, గిట్టే ధర కావాలి. అవి సమకూర్చకుండా వేసిన సుంకం మిల్లుకు కొంత ఊపిరి పోసింది కానీ, రైతును గోగు వైపు తిప్పలేకపోయింది.

ఏం చేయాలి?

మొదటిది, సుంకాన్ని పంటకాలంతో ముడిపెట్టాలి. పశ్చిమాఫ్రికా పంట మన పంటతో పాటే వస్తుంది కాబట్టి దెబ్బ సూటిగా తగులుతుంది. టాంజానియా పంట అక్టోబరు తర్వాతది. అప్పటికి ఉద్దానం పిక్క అమ్ముడైపోయి ఉంటుంది, ఫ్యాక్టరీకి సరుకు అవసరం. మార్చి నుంచి జూన్ వరకు సుంకం పెంచి, తర్వాత తగ్గిస్తే ఇద్దరికీ ఊరట. యూరప్ దేశాలు పండ్లు, కూరగాయలపై ఋతువును బట్టి సుంకాలు మార్చడం మామూలే. మనకు అది చేతకాని పని కాదు.

రెండోది, జీడి దిగుమతిపై వచ్చే సుంకం జీడి తోటకే తిరిగి చేరాలి. బాపట్ల జీడిమామిడి పరిశోధన స్థానం బీపీపీ-8 వంటి మంచి రకాలను ఇచ్చింది. తిత్లీలో చెట్లు పోయిన ప్రతి రైతుకూ అంటు మొక్కలు, కాపు వచ్చేదాకా ఆసరా అందాలి.

మూడోది, పంటకాలంలో పిక్కలు కొని నిల్వ పెట్టుకునేందుకు చిన్న ఫ్యాక్టరీలకు తక్కువ వడ్డీ రుణం ఇవ్వాలి. దాన్ని రైతుకు ముందే ప్రకటించిన బస్తా ధరతో ముడిపెట్టాలి. కేంద్రం మద్దతు ధర ఇచ్చేదాకా రాష్ట్రం మార్కెట్‌లో దిగి కొనాలి.

నాలుగోది, రక్షణ పొందే ప్రతి ఫ్యాక్టరీ తన కార్మికురాలికి రక్షణ ఇవ్వాలి. చేతి తొడుగులు, న్యాయమైన కూలి, పీఎఫ్ ఇందులో తప్పనిసరి షరతులు కావాలి. దేశం చేత అడ్డుకట్ట కట్టించుకున్న యజమాని ఆ మేలును పొట్టు తీసే చేతుల దాకా చేర్చాల్సిందే.

ఐదోది, పేరు. పలాస పప్పుగా అమ్ముడయ్యే దానిలో ఉద్దానం పిక్క ఏదో, ఆఫ్రికా పిక్క ఏదో కొనేవారికి తెలియదు. ఇదే జిల్లాలో పొందూరు ఖద్దరు మిల్లు బట్టల పోటీని తట్టుకుని నిలిచిందంటే, అది పొందూరుదని తెలిసి కోరి కొన్నవాళ్లు ఉండబట్టే. ఉద్దానం పిక్కకూ అలాంటి గుర్తింపు, ప్యాకెట్ మీద పుట్టిన ఊరి పేరు దక్కాలి.

ఇతర దేశాలతో సహకారం తప్పు కాదు, సొంత మేలు చూసుకోవడమూ తప్పు కాదు. సుంకం వేసేటప్పుడైనా తీసేటప్పుడైనా తోట రైతును, పొట్టు తీసే కార్మికురాలిని ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి అడగకపోవడమే తప్పు. వచ్చే జీడి కాపు నాటికైనా కేంద్ర వాణిజ్య శాఖ, రాష్ట్ర ప్రభుత్వం, పలాస పరిశ్రమ, ఉద్దానం రైతు సంఘాలు ఆ బల్ల ముందు కూర్చోవాలి. పాలకులు దాన్ని ఏర్పాటు చేసేదాకా అడుగుతూనే ఉండటం మన బాధ్యత.